పల్లాన్ని మెరక చేసిన విమానం

"విమానం అబద్ధం చెప్పదమ్మా."

ఆ మాట నాతో అన్నది నెల్లూరులో ఒక ఇంజనీరు. ఆ రోజు ఆయన గదిలో బల్లకు ఇవతల రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో ఎవరో కాంట్రాక్టరు కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. రెండోదాంట్లో ఇంజనీరు గారి భోజనం సంచి ఉంది. నేను ముత్తుకూరు అవతల మా ఊరినుంచి బస్సు మారి వచ్చి, వరండాలో మధ్యాహ్నం దాకా నిలబడి, లోపలికి పిలిచాక మళ్ళీ నిలబడ్డాను. ఆయన సంచి తియ్యలేదు. నేను చెప్పింది సగం విని, "మీ ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా?" అని అడిగాడు. తర్వాత కంప్యూటరు తెరను నావైపు కొంచెం, చాలా కొంచెం, తిప్పి ఆ మాట అన్నాడు.

నాకు ఇలాంటివి గుర్తుంటాయి. పెళ్ళయిన కొత్తలో మా పెద్ద ఆడబిడ్డ వడ్డిస్తూ నా విస్తరి దాటేసి పక్క విస్తట్లో చేపముక్క వేసింది. ఆమెకు ఇప్పుడు మనవళ్ళున్నారు. అది పండుగప్ప అనీ, తల వైపు ముక్క అనీ నేను ఇప్పటికీ చెప్పగలను. "నీకు కళ్ళజోడు యాడ పెట్టినావో గుర్తుండదు గానీ, ఎవురు ఏమన్నారో మాత్రం గుర్తుంటాది" అంటాడు మా ఆయన. ఉంటుంది. గుర్తుండబట్టే మా పల్లంమడి ఇవాళ మడిగా మిగిలింది.

పల్లంమడి అంటే మాకున్న పొలంలో అన్నిటికన్నా కింద ఉండేది. వాన పడితే చుట్టుపక్కల మడుల నీళ్ళన్నీ దాంట్లోకి దిగి, అక్కడినుంచి తూర్పుగా ఉప్పుకాలువలోకి పోతాయి. నీరు పల్లమెరుగు అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. మిగతా మడుల పంట అమ్ముకుంటాం. పల్లంమడి పంట ఇంటికి వస్తుంది, ఏడాదంతా దాన్నే తింటాం. నేల కొంచెం చౌడు. నీళ్ళు కదలకుండా నిలిచాయంటే పైరు కుళ్ళడం ఒక్కటే కాదు, ఉప్పు పైకి తేలుతుంది. ఉప్పు తేలిన మడిని మళ్ళీ వరికి తెచ్చుకున్నవాళ్ళను మా వైపు నేను చూడలేదు. అలా అయిన మడులన్నీ రొయ్యల గుంటలయ్యాయి. పల్లంమడిని గుంటకు ఇమ్మని అడుగుతూ ఒకాయన మా అరుగు మీద టీ తాగిపోతూనే ఉంటాడు. మా మామగారు నాటిన మడిని గుంట చెయ్యనని నేను ఆయనకు చెప్పాను. ఆయన నవ్వి, "నీళ్ళే చేస్తాయిలే అక్కా" అన్నాడు. అదీ గుర్తుంది.

ఇక విమానం సంగతి. నేను ఆ గదిలో నిలబడ్డ ఏడాదికి ముందు ఏడాది, పెద్దవానలు ఇంకా మొదలుకాని రోజుల్లో, మైకు కట్టిన ఆటో ఊళ్ళోకి వచ్చింది. తీరం పొడుగునా నేల ఎత్తుపల్లాలు కొలవడానికి విమానం వస్తుందని చెప్పింది. దాంట్లో లైడార్ అనే యంత్రం ఉంటుందట. అది పైనుంచి వెలుతురు కిరణాలు వదులుతుంది, అవి నేలకు తగిలి వెనక్కి రావడానికి పట్టే సమయాన్నిబట్టి ఎక్కడ ఎంత ఎత్తో లెక్క కడతారు. తుఫాను నీళ్ళు ఎందాకా వస్తాయో, రోడ్లూ కాలువలూ ఎట్లా వెయ్యాలో ఆ పటంతోనే తేలుస్తారు. ఇదంతా బాగానే ఉంది. చివర ఇంకో మాట చెప్పింది మైకు. విమానం వచ్చిపోయేదాకా పొలాలను ఎలా ఉన్నవాటిని అలాగే ఉంచాలి, దున్నకూడదు, గట్లు కదిలించకూడదు.

అప్పటికి పల్లంమడిలో జీలుగ ఉంది. చౌడు నేలలో నాట్లకు ముందు మేం జీలుగ చల్లుతాం. అది ఉప్పుకు ఓర్చుకుంటుంది, నీళ్ళలో నిలబడుతుంది. పూత రాకముందే ట్రాక్టరుతో మట్టిలోకి కలియదున్నితే నేలకు బలం. దట్టంగా చల్లాలి, అప్పుడే కాడ సన్నగా లేచి తొందరగా కుళ్ళుతుంది. మెరక మడులకు ఆ అవసరం లేదు, అవి ఆ రోజుల్లో బోడిగా ఉండి గొర్రెలు తిరుగుతుంటాయి.

మబ్బుంటే విమానం రాదట. మబ్బు పట్టింది. విమానం రాలేదు. జీలుగ నడుము దాటింది, భుజం దాటింది. దున్నిపొమ్మని ట్రాక్టరు అతన్ని అడిగితే, "మైకులో వద్దన్నారు గదక్కా, నా బండి పట్టుకుపోతే ఎవురు ఇడిపిస్తారు?" అన్నాడు. జీలుగ నా తల దాటింది. కింద వాననీళ్ళు మోకాటి కింది దాకా చేరాయి. గట్టు మీద నిలబడి చూస్తే ఆకు తప్ప ఏమీ కనిపించేది కాదు.

చివరికి ఒకరోజు పొద్దున తెరపిచ్చింది, విమానం వచ్చింది. సముద్రం మీదనుంచి పడమటికి పోయి, తిరిగి, పక్కన ఇంకో చాలు పట్టుకుని తూర్పుకు వచ్చి, మళ్ళీ తిరిగింది. మా పల్లంమడికి ఉత్తరాన ఉన్న మెరక మడి మా ఆయన పెదనాన్న కొడుకుది. నాకు మరిది వరస. అతను తలెత్తి చూసి, "ఏంది వదినా, మన పొలాల్ని ఆకాశంలోనే దున్నేస్తా ఉండారు!" అన్నాడు. ఆ రోజు నేనూ నవ్వాను.

తర్వాత జీలుగ దున్నబోతే కాడలు కర్రల్లా ముదిరి ట్రాక్టరు చక్రాలకు చుట్టుకుపోయాయి. అవి కుళ్ళక నాట్లు ఆలస్యమయ్యాయి. ఆటోలో మైకు పట్టుకుని వచ్చినవాళ్ళు మళ్ళీ వచ్చి, అమ్మా, మా మాట విన్నందుకు మీకేమైంది అని అడగలేదు. సరే, అదొకటి పక్కన పెట్టాను.

మరుసటి ఏడాది కృష్ణపట్నం వైపు లారీలు పోవడానికి కొత్త రోడ్డు మొదలుపెట్టారు. పొలాలకూ ఉప్పుకాలువకూ మధ్య అడ్డంగా మట్టికట్ట పోసి, దానిమీద రోడ్డు. కట్ట వస్తే నీళ్ళు పోవడానికి కింద తూము ఉండాలి. ఎక్కడ తూము పెడతారో అక్కడ ఎర్రరంగు రాళ్ళు పాతారు. పోయి చూస్తే రాళ్ళు మా మరిది మెరక మడి ఎదురుగా ఉన్నాయి. మా పల్లంమడి ఎదురుగా ఏమీ లేదు, తూము లేకుండా తిన్నగా కట్ట వస్తుంది.

మా మరిది గట్టు మీద కూర్చుని నవ్వుతున్నాడు.

"నా మెరకకి తూము పెడతా ఉండారు వదినా. నీళ్ళకి నిచ్చెన ఎయ్యాల్సిందే ఇంక!"

"నువ్వేమన్నా చెప్పినావా వాళ్ళకి?"

"నేనేం చెప్తాను? నా మాట మా ఇంట్లోనే ఎవురూ వినరు."

నేను నమ్మలేదు. పక్కవాడి మడి మునిగిపోతుంటే అంత నవ్వు వచ్చేవాడిని ఎవరు నమ్ముతారు? మా ఆయన ఎప్పటిలాగే, "గమ్మునుండు. పెద్ద పెద్దోళ్ళు ఏసిన ప్లాను అది" అన్నాడు. కట్ట పూర్తయి వానలు వస్తే పల్లంమడి నీళ్ళు ఎటు పోవాలో ఆ పెద్ద పెద్దోళ్ళనే అడుగుదామని నెల్లూరు బస్సెక్కాను. సంచి కూర్చున్న కుర్చీ దగ్గరికి అలా చేరాను.

ఇంజనీరు తెర మీద చూపించినది మా ఊరే. కాకపోతే రంగులు పూసి ఉంది. నీలం అయితే పల్లం, పచ్చ అయితే నడిమధ్య, ఎరుపు అయితే మెరక అని చెప్పాడు. మా మరిది మడి పచ్చగా ఉంది. దాని పక్కన మా పల్లంమడి, గీత గీసినట్టు నాలుగు గట్ల మధ్యా, కుంకుమలాగా ఎర్రగా ఉంది.

"ఇదిగో, మీది దిబ్బ. ఊళ్ళో అన్నిటికంటే ఎత్తు."

"అయ్యా, వానొస్తే ఊరి నీళ్ళన్నీ దిగేది దాంట్లోకే."

"మీకు అలా అనిపిస్తుందమ్మా. ఇది కంటితో చూసి చెప్పేది కాదు. లైడార్. ఇంత ఎత్తునుంచి కొలిచినా బెత్తెడు తేడా కూడా రాదు."

"తేడా వచ్చింది గదయ్యా, నా మడి ఎత్తు తేడా వచ్చింది."

అప్పుడన్నాడు, విమానం అబద్ధం చెప్పదని. అంటే చెప్పేది ఎవరు? ఆ గదిలో విమానం కాకుండా పల్లంమడి గురించి మాట్లాడింది నేనొక్కదాన్నే. కాంట్రాక్టరు ఫోనులోంచి తలెత్తి నవ్వాడు. నేను బయటికి వచ్చేశాను.

తర్వాత సోమవారం అర్జీల రోజున కలెక్టరాఫీసుకు వెళ్ళాను. అర్జీ తీసుకుని అదే ఇంజనీరుకు పంపారు. కొన్నాళ్ళకు నా ఫోనుకు మెసేజి వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. పొలం దగ్గరికి పోయి చూశాను. కట్ట ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. మళ్ళీ సోమవారం వెళ్ళాను. మళ్ళీ పరిష్కరించారు. ఎవరి సమస్య పరిష్కారమైందో నాకు తెలియదు. నాది మాత్రం కాదు.

కట్ట మా మడి ఎదురుకు వచ్చిన రోజు ఆకాశం దక్షిణాన నల్లగా ఉంది. ఆ ఏడాది జీలుగను వేళకే దున్నాం. మడి అంతా బురదా, కుళ్ళుతున్న ఆకు వాసనా. పక్కన నారుమడి నాటుకు సిద్ధంగా ఉంది. రోడ్డు రోలరు కట్ట మీద ముందుకీ వెనక్కీ తిరుగుతోంది. నేను ఇంటికి వెళ్ళి, వసారాలోని నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ నెత్తిన పెట్టుకుని వచ్చాను. ఇంజనీరు ఆఫీసులో నాకు కుర్చీ దొరకలేదు కదా. రోలరు దారిలో వేసుకుని కూర్చున్నాను.

రోలరు డ్రైవరు ఆపి, కిందకు వంగి చూశాడు.

"ఏందమ్మా ఇది?"

"తూము ఇక్కడ పెట్టేదాకా లెయ్యను."

"అట్టనా? అయితే నేను టిఫిను తినొస్తా, కూర్చో." బండి ఆపేసి దిగిపోయాడు. నాకు అన్యాయం జరుగుతోందని ఒప్పుకున్న మొదటి ఉద్యోగి అతనే అనుకుంటాను, టిఫిను కోసమైనా సరే.

కాంట్రాక్టరు సూపర్వైజరు వచ్చి అరిచాడు. పోలీసులన్నాడు. మా మరిది గొడుగు తెచ్చి నాకిచ్చి, "ఎండకి కాదు వదినా, ఆయన నోట్లోంచి పడే తుంపర్లకి" అన్నాడు. మధ్యాహ్నానికి మా ఆయన అన్నం క్యారియరు తెచ్చాడు. ఇంటికి రమ్మంటాడనుకున్నాను. క్యారియరు నా ఒళ్ళో పెట్టి, కట్ట అంచున గొంతుక్కూర్చున్నాడు.

"నువ్వెందుకు ఇక్కడ?"

"ఇంట్లో మగోళ్ళు లేరా అన్నాడంట గదా ఆయన. వస్తే చూపీడానికి."

సాయంత్రం కాకముందే జీపు వచ్చింది. ఇంజనీరు దిగాడు. వెంట ఒక అమ్మాయి దిగింది, విమానంతో పటం తీసిన కంపెనీలో పనిచేస్తుందట. ఆమె చేతిలో పొడవాటి కర్ర, దాని కొసన తెల్లటి బుడిపె.

"లేవండమ్మా, మాట్లాడుకుందాం" అన్నాడాయన.

"మీరు నిలబడి మాట్లాడండి. నేను కూర్చుని వింటాను. మొన్న ఇది తిరగబడి జరిగింది."

ఆయనకు అర్థం కాలేదు. సంచి ఆయనకు గుర్తే లేదు. నాకు ఒళ్ళు మండింది దానికే ఎక్కువ.

ఆ అమ్మాయి మాత్రం మడివైపు చూస్తూ ఉంది. చేతిలోని పలకలాంటి కంప్యూటరు చూసి, మళ్ళీ మడిని చూసింది. "సార్, ఇక్కడ నేలమీద కొలిచి సరిచూశారా?" అని అడిగింది. రోడ్ల మీదా, గట్ల మీదా చూశారని చెప్పాడాయన. "మడిలోకి దిగలేదా?" అంది. ఆయన తన బూట్లవైపు చూసుకున్నాడు. ఆమె చెప్పులు గట్టున విడిచి, ప్యాంటు మడిచి, కర్ర పట్టుకుని దిగింది. పిక్కల దాకా కూరుకుపోయింది. "అమ్మో" అని ఒకసారి అరిచి, కర్రను నిలబెట్టి కొలిచి, నడిమధ్యకు పోయి మళ్ళీ కొలిచింది. పైకి వచ్చేసరికి ఆమె ముఖం మారింది.

"ఆంటీ, విమానం వచ్చినప్పుడు ఈ మడిలో ఏముంది?"

"జీలుగ."

"ఎంత ఎత్తు?"

నేను కూర్చున్నచోటే చెయ్యెత్తి చూపించి, చాలక లేచి నిలబడి తలపైకి చూపించాను. కుర్చీ మీద ఒక చెయ్యి వేసే ఉంచాను, ఎవరైనా లాగేస్తారని.

"చిక్కగా ఉందా? కింద నీళ్ళున్నాయా?"

"పల్లంలో నీళ్ళుండక ఇంకేముంటాయమ్మా?"

ఆమె పలకను నావైపు తిప్పింది. పూర్తిగా తిప్పింది. మా పొలాలను పైనుంచి కాకుండా పక్కనుంచి చూపించింది. అన్నీ చుక్కలే. వెలుతురు తగిలిన ప్రతిచోటా ఒక చుక్కట. మా మరిది మడి నేలబారు గీతలా ఉంది. మా మడి దగ్గర ఆ గీత నిలువునా లేచి, బల్లలాగా చదునుగా పోయి, అవతలి గట్టు దగ్గర కిందికి దిగింది. ఆ బల్ల పైభాగం నేల కాదు, జీలుగ తలలు. వెలుతురు ఆకుల్లోనే చిక్కుకుంది. ఆకుల సందుల్లోంచి కిందికి దిగిన కాస్తలో చాలామటుకు నీళ్ళు తాగేశాయి, వెనక్కి రాలేదు. పైన అంత సమంగా ఉంటే కంప్యూటరు దాన్నే నేల అనుకుంది.

"ఇవేంది కింద?" అని అడిగాను. బల్ల కింద అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలున్నాయి.

ఆమె ఆ చుక్కలమీద వేలు పెట్టింది. "అవే ఆంటీ మీ అసలు నేల. మరీ కొన్నే ఉన్నాయి కదా, మిగతావాటితో కలవడం లేదు కదా అని, పొరపాటు చుక్కలని తీసేశారు."

ఆ చుక్కలను నేను చాలాసేపు చూశాను.

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. పొరపాటైందని ఇప్పుడంటాడు అనుకున్నాను. ఆయన అన్నది ఇది: "మడిలో జీలుగ వేశారని ముందే చెప్పాలి కదమ్మా."

"ఎవురికి చెప్పాలయ్యా? ఇమానానికా?" అన్నాను. రోలరు డ్రైవరు పకపకా నవ్వాడు. "దున్నుకుంటామంటే వద్దని మైకు పెట్టి చెప్పినారు మీరు. మీ మాట విని ఆపినాము. ఆపిన జీలుగనే కొలిచి, నన్ను దిబ్బ మీద కూర్చోబెట్టి, నేను అబద్ధాలదాన్నన్నారు."

"నేనెప్పుడన్నాను?"

"విమానం చెప్పదన్నారు గదా. ఇంక ఆ గదిలో ఉండింది నేనే."

ఆయన ఫోను తీసి దూరంగా వెళ్ళాడు. తిరిగి వచ్చి, ముందు మా మడి ఎదురుగా సిమెంటు పైపులు వేస్తారనీ, తర్వాత తూము కడతారనీ చెప్పాడు. సరేనన్నాను. లేవలేదు. పైపుల లారీ వచ్చి, పైపులు నేలమీద దించాకే కుర్చీ నెత్తిన పెట్టుకున్నాను. మా మరిది ఇంటిదాకా వెంట నడిచాడు.

"నా మీద అనుమానపడితివే వదినా."

"నువ్వు నవ్వకుండా ఉండుంటే పడేదాన్ని గాదు."

ఆ అమ్మాయి తర్వాత ఒకసారి ఫోను చేసింది. పటంలో మా మడిని నీలం చేసిందట. తీరం పొడుగునా ఇలాంటి చదును బల్లలు ఇంకా కనిపిస్తున్నాయనీ, ఎవరైనా అడిగితే తప్ప వాటిని మార్చమని పైవాళ్ళు చెప్పడం లేదనీ అంది. మంచి పిల్ల. ఆంటీ అనడం ఒక్కటి మానితే బాగుండేది. ఆ సంగతి విని నేను విడవలూరు వైపు చుట్టాలకు ఫోన్లు చేశాను, మీ జీలుగ మడులు పటంలో దిబ్బలై ఉంటాయి, రోడ్డో కాలువో వచ్చేలోపల పోయి అడగండి అని. కొందరు నవ్వారు. ఎవరెవరు నవ్వారో గుర్తుంది.

పైపులు వేసిన కొన్నాళ్ళకు వాయుగుండం పట్టింది. అప్పటికే పల్లంమడిలో నాట్లు పడ్డాయి. రాత్రంతా కురిసి, తెల్లారి పోయి చూస్తే నాటు కనిపించలేదు, గట్టునుంచి గట్టుకు ఎర్రనీళ్ళే. మా మరిది మెరక మడి నీళ్ళు కూడా ఇటే దిగుతున్నాయి. కట్ట మీద నిలబడ్డాను. పైపుల్లోంచి నీళ్ళు హోరుమంటూ అవతల ఉప్పుకాలువ వైపు దూకుతున్నాయి. పోతున్నదానికంటే వస్తున్నది ఎక్కువగా ఉంది. మా ఆయన పార పట్టుకుని పైపు మూతుల దగ్గర పేరుకున్న గడ్డి లాగుతున్నాడు.

వాన సన్నబడ్డాక జీపు వచ్చింది. ఇంజనీరు రెయిన్‌కోటులో దిగి, కట్ట అంచుకు వచ్చి పైపుల్లోకి చూశాడు. "బాగానే పోతున్నాయి" అన్నాడు. నేను ఆయన పక్కనే నిలబడి ఇంకో మాట కోసం చూశాను. పెద్ద మాటేం కాదు. మీరు చెప్పింది నిజమేనమ్మా అంటే చాలు. ఆయన ఆకాశం చూసి, ఇంకో రెండు రోజులు ఉంటుందేమో వాన అని, జీపెక్కి వెళ్ళిపోయాడు.

"నీళ్ళు పోతా ఉండాయి గదా. ఇంకేం గావాల నీకు?" అన్నాడు మా ఆయన, పార కడుక్కుంటూ.

"ఆ మాట గావాల."

"ఆయన చెప్పడు."

"చెప్పేదాకా అడుగుతా. సోమవారాలు పోతాయా యాడికన్నా?"

ఆయన నవ్వి, మడివైపు చెయ్యి చూపించాడు. పైపులకు దగ్గరగా ఉన్న మూల నీళ్ళు కొంచెం తగ్గాయి. నాటు కొసలు, వెంట్రుకల్లా సన్నగా, నీళ్ళమీద ఒక వరస పైకి తేలాయి. నేను గట్టు దిగి, మొదటి మొక్క మొదట్లో వేలు పెట్టి చూశాను. వేరు పట్టుకునే ఉంది.